గజెల్ కొనాల్నా బటావుస్ కొనాల్నా: నెదర్లాండ్స్‌కు కొత్తగా వచ్చినోళ్లకు

మొన్న జడ్చర్ల తమ్ముడొకడు అడిగిండు, ఐండ్‌హోవెన్‌కు వచ్చి మూడు వారాలైతుంది. "అన్నా, సైకిల్ కొందామంటే ఆఫీసుల ఒకాయన గజెల్ తప్ప ఇంకోటి ముట్టకు అంటడు, మా ఇంటి ఓనరమ్మనేమో బటావుస్‌ను మించింది లేదంటది, ఇంకోపక్క సెకండ్ హ్యాండ్‌ల స్పార్టా ఒకటి సగం రేటుకే వస్తుంది, ఏది తీస్కోవాలె?" ఇసొంటి ఫోను నాకు నెలకొకటన్న వస్తది, ఎందుకంటే ఈడ సైకిల్ లేకపోతే కాళ్లు లేనట్టే, పైసలు చూస్తేనేమో మంచి కొత్త సైకిల్ రేటుకు మనూర్ల సెకండ్ హ్యాండ్ బండొస్తది.

జవాబు చెప్పే ముందు మా నాయిన ముచ్చట ఒకటి చెప్పాలె.

మా నాయినది హెర్క్యులస్. మునుగోడు రోడ్డు మీద మా ఊరు, ఆడికెళ్లి నల్లగొండ ప్రకాశం బజారుకు బత్తాయి గంపలు ఆ సైకిల్ మీదనే కొట్టేటోడు. మా మేనమామది బీఎస్‌ఏ. ఇద్దరు ఒక్క తాన కూసుంటే చాలు ఇదే పంచాయితి, నాయినేమో నీది షోకు సైకిల్ రా, గంప పెడితే నడుమిరుగుతది అంటుండె, మామనేమో నీది తొక్కాలంటే ముందు ఎడ్లను కట్టాలె బావా అంటుండె. నేను బీటెక్‌కు వచ్చినంక తెలిసిందేందంటే ఆ రెండు సైకిళ్లు ఒకే కంపెనీవి. మద్రాసు పక్కన అంబత్తూర్‌ల టీఐ సైకిల్స్, 1949ల మురుగప్ప గ్రూపోళ్లు ఇంగ్లండ్‌ల ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే కంపెనీతోని కలిసి పెట్టిండ్రు, హెర్క్యులస్, బీఎస్‌ఏ, ఫిలిప్స్ అన్నీ ఆళ్లయే. అసలు ఇంగ్లండ్‌ల ఒకప్పుడు ఇవి నిజంగనే పోటీ కంపెనీలు, బీఎస్‌ఏ సైకిళ్ల ధందాను 1957ల ర్యాలీ అనే ఇంకో సైకిల్ కంపెనీ కొన్నది, మూడేండ్లకు ఆ ర్యాలీనే పోయి ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ గూట్లె చేరింది. ఈ సంగతి నాయినకు చెప్తే నమ్మలే, "అయితే బోర్డుల మీద పేర్లు వేరే ఎందుకు రాస్తరు" అన్నడు. అడిగింది కరెక్టే.

ఇప్పుడు నెదర్లాండ్స్‌కు వద్దాం. గజెల్ 1892 నుంచి డీరెన్ అనే ఊర్ల ఉన్న కంపెనీ, డచ్చోళ్లకు అదంటే మనకు అంబాసిడర్ కారు లెక్క. కానీ 1971ల దాన్ని కొన్నది ఎవరనుకున్నరు, గదే ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్. అంటే మా నాయిన హెర్క్యులస్‌కూ ఈడి గజెల్‌కూ పదహారేండ్లు ఒకే ఇంటి పేరు. 1987ల ర్యాలీ, గజెల్ రెండూ డెర్బీ అనేటోళ్ల చేతికి పోయినయి, 2001ల గజెల్ విడిపోయింది, 2011ల పోన్ అనే డచ్ గ్రూపు కొన్నది. పోన్ అంటే ఈ దేశానికి ఫోక్స్‌వాగన్ కార్లు తెచ్చి అమ్మిన కుటుంబం, సైకిళ్లల్లకు తర్వాత దిగిండ్రు. అటు ర్యాలీ ఏమైందంటే 2012ల అక్సెల్ అనే గ్రూపుకు పోయింది, బటావుస్, స్పార్టా, కోగా ఉన్నది గూడ ఆ గ్రూపుల్నే. ఒకప్పుడు అక్కచెల్లెండ్లు, ఇప్పుడు ఎదురెదురు ఇండ్ల కోడండ్లు అన్నట్టు.

గందుకే ఆ తమ్మునికి మొదలు చెప్పింది ఏందంటే, నువ్వు బటావుసా స్పార్టానా అని కొట్టుకునుడు మా నాయిన, మామ పంచాయితి లెక్కనే, రెండూ అక్సెల్‌వే. గజెల్ ఒక్కటే వేరే ఇల్లు. అది గూడ 2017ల పోన్ పోయి అక్సెల్‌ను మొత్తం కొంటనని అడిగింది, బేరం కుదరలేదు, కుదిరుంటే ఈ మూడింటికీ ఒకడే సేటు ఉండేటోడు. తర్వాత 2022ల అక్సెల్‌ను అమెరికా పెట్టుబడి కంపెనీ కేకేఆర్ తీసుకున్నది. అదే సంవత్సరం మొదట్ల పోన్ 81 కోట్ల డాలర్లు పెట్టి డోరెల్ అనే కంపెనీ సైకిళ్ల ధందా కొన్నది, దాంతోని క్యానన్‌డేల్, ష్విన్, మంగూస్ బ్రాండ్లన్నీ ఆ ఇంట్లకే వచ్చినయి. నీలం రంగు ముందు టైరుతోని నెల కిరాయికి ఇచ్చే స్వాప్‌ఫీట్స్ ఉన్నది చూసిండ్రా, అది గూడ పోన్‌దే. అంటే గజెల్ ఇష్టం లేదని స్వాప్‌ఫీట్స్ తీసుకున్నా పైసలు అదే గల్లాపెట్టెల పడతయి.

మరి బ్రాండ్ చూడకపోతే ఏం చూడాలె అంటే, వెనక చక్రం నడుమ చూడుండ్రి. నేను వచ్చిన కొత్తల ఒక షాపుల (పేరెందుకు లే) ఖరీదైన సైకిల్ చూపించి దీనికి దానికి నక్కకు నాగలోకానికి ఉన్నంత తేడా అన్నడు, నేను 250 యూరోలు ఎక్కువ పెట్టి కొన్న. వారం తర్వాత వాన పడి బురద కొట్టుకుంటే తుడుస్తున్న, పక్కింటాయన గూడ తన సైకిల్ తుడుస్తున్నడు. ఆయన హబ్ (చక్రం నడుమ గేర్లుండే డబ్బా) మీద బురద పోంగనే షిమానో నెక్సస్ 7 అని కనిపించింది, నాది తుడిస్తే అదే అక్షరం పొల్లు పోకుండ నెక్సస్ 7. ఆయనది వేరే బ్రాండు, నాకంటే తక్కువ పెట్టి కొన్నడు. షిమానో జపాన్‌ది, సకాయ్ అనే ఊర్ల 1921ల మొదలైంది, ఈ పోటీ బ్రాండ్లన్నిట్ల వాళ్ల గేర్లే కనిపిస్తయి. కరెంటు సైకిలైతే బాష్ మోటరు ఈ ఇంట్ల ఉంటది, ఆ ఇంట్ల ఉంటది. కాబట్టి హబ్ ఏంది, బ్రేకు ఏంది, మోటరు ఏంది ఈ మూడు రాసుకొని రేట్లు చూడుండ్రి, ముందట బోర్డు మీద గజెల్ జింక బొమ్మ ఉందా లేదా అని కాదు.

అమెరికాల ఉన్న మా చెల్లె అడిగితే గూడ దాదాపు ఇదే చెప్పిన, కానీ ఆడ కథ ఇంక తమాషాగ ఉంటది. చికాగో ష్విన్ 1895 నుంచి పెద్ద పేరు, తన సైకిళ్లు తైవాన్‌ల జైంట్ అనే కంపెనీతోని చేయించుకునేది. తర్వాత ఆ పని చైనాకు మార్చింది, అప్పటికే జైంట్ సొంత పేరు మీద అమ్ముడు మొదలుపెట్టింది, ష్విన్ 1992ల దివాలా తీసింది, జైంట్ ప్రపంచంల పెద్ద కంపెనీ అయ్యింది. కూలికి పెట్టుకున్నోడే ఆసామి అయిండు! స్పెషలైజ్డ్ అనే సైకిల్ బ్రాండు ఉన్నది కదా, దాంట్ల తైవాన్‌ల మెరిడా అనే కంపెనీకి 2001 నుంచి పెద్ద వాటా ఉన్నది, ఆ సైకిళ్లు మెరిడా చేస్తది, మళ్ల తన పేరు మీద మెరిడా సైకిళ్లు అమ్మి వాటితోనే పోటీ పడతది. ఒకటి మాత్రం యాద్ పెట్టుకోండ్రి, ఒక ఫ్యాక్టరీల చేసినంత మాత్రాన రెండూ ఒకటే అనుకోవద్దు, ఏ గొట్టం వాడాలె ఏ గేరు బిగించాలె అనేది ఆర్డర్ ఇచ్చేటోడు చెప్తడు, వాల్‌మార్ట్‌ల ష్విన్‌కు, షాపుల పెద్ద రేటు ష్విన్‌కు పేరొక్కటే కలుస్తది.

సెకండ్ హ్యాండ్ తీసుకునేటోళ్లు స్టేషన్ కాడ ఎవడో ఇరవై యూరోలకు ఇస్త అంటే వద్దనుండ్రి, అది ఎవరిదో పోయిన సైకిల్. ఫ్రేము నంబరు సీటు గొట్టం మీద గానీ హ్యాండిల్ కింద గానీ కొట్టి ఉంటది, పోలీసుల స్టాప్‌హెలింగ్ సైట్‌ల ఆ నంబరు కొట్టి చూస్తే దొంగ మాలు అని ఫిర్యాదు ఉంటే తెలుస్తది. పిల్లల్ని ముందట డబ్బాల కూసోబెట్టుకునే బండి పాతది కొంటుంటే, బాబో అనే బ్రాండుది అయితే జర ఆగుండ్రి, ఫ్రేములు విరిగే ప్రమాదం ఉన్నదని 2024 ఫిబ్రవరిల ఈడి ప్రభుత్వ తనిఖీ శాఖ అమ్మకం ఆపించింది, చాలా మోడళ్లు వాపస్ తీసుకోమన్నది, అది గూడ అక్సెల్‌దే. వాన్‌మూఫ్ అనే కంపెనీ సైకిళ్లు చూడనీకి బాగుంటయి, కానీ పార్ట్‌లు చానా వరకు ఆళ్ల సొంతయి, 2023 జులైల దివాలా తీసినప్పుడు మనోళ్లు కొందరు రిపేరుకు ఎక్కడ పోవాల్నో తెల్వక తిరిగిండ్రు, తర్వాత వేరేటోళ్లు కొన్నరనుకో. వీధి చివర రిపేరాయన దగ్గర దొరికే పార్ట్‌లు ఉన్న సైకిలే మనకు సుఖం.

ఇంకొకటి, చాలా డచ్ సైకిళ్లకు చేతి బ్రేకు ఉండదు, పెడల్ ఎనకకు తొక్కితే ఆగుతది. నల్లగొండల ఎనకకు తొక్కుడు అంటే ఊరికే చైను గిర్రున తిప్పుకునుడు, సిగ్నల్ కాడ అలవాటుగ గట్లనే తిప్పితే చక్రం పట్టేసి మోకాలు చిప్ప పగిలినంత పనైంది నాకు. కొనేముందు ఖాళీ జాగల పావుగంట తొక్కుండ్రి.

నేను ఇప్పుడు తొక్కేది పాత నల్ల తాత సైకిల్, ఓపాఫీట్స్ అంటరు. మొన్న టైరు మారుద్దామని చూస్తే పక్కన 40-635 అని ఉన్నది, 28 ఇంటూ ఒకటిన్నర సైజు. అరే ఇది ఎక్కడో చూసిన్నే అనుకొని ఊరికి వీడియో కాల్ చేసి పశువుల కొట్టంల హెర్క్యులస్ టైరు చూపియ్యమన్న, మా అమ్మ ఫోను పట్టుకుంటే నాయిన కండువ కొంగుతోని దుమ్ము తుడిచిండు, అదే సైజు. "నాయినా, నీ టైరు ఈడ నా చక్రానికి పడతది" అంటే ఆయన కాసేపు ఆలోచించి, "ఆడ ఎంతకొస్తది టైరు?" అన్నడు. ముప్ఫై యూరోలు అని చెప్పి రూపాయల్ల లెక్క చెప్పినంక, "నేనే పంపిస్త తీ, ప్రకాశం బజార్ల దొరుకుతయి" అన్నడు.