ముందు గాలి తీయండి, తర్వాత ధైర్యం చేయండి

బండి ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలకు పాత మెకానిక్ జవాబులు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. షార్జాలో ఉంటున్నాను, ఈమధ్యే పాత పజెరో ఒకటి కొన్నాను. వచ్చే శనివారం దోస్తులం మూడు బండ్లలో హత్తా రోడ్డు మీద అల్ బదాయర్ వైపు ఇసుకలోకి వెళ్దామనుకుంటున్నాం. మా ఆవిడ, ఆరేళ్ల పాప కూడా వస్తామంటున్నారు. దోస్తులకు అలవాటే, నాకే కొత్త. ‘పజెరోకు ఏం గాదు, ఎక్సలేటర్ తొక్కి పట్టు, అదే ఎక్కుతది’ అంటున్నారు. నిజమేనా?
(ఒక పాఠకుడు, షార్జా)

జవాబు: తమ్మీ, ఆ మాటన్న దోస్తును మాత్రం నీ బండిలో ఎక్కించుకోకు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో నేను పానా పట్టుకున్న రోజుల్లో సెలవు శుక్రవారం. శనివారం పొద్దున షట్టర్ లేపేసరికి ముందు బంపర్ ఊడినదొకటి, గేర్‌బాక్స్ ఆయిల్ మాడి వాసన కొట్టేదొకటి, రేడియేటర్ నిండా ఇసుక కూరుకున్నదొకటి వాకిట్లో నిలబడి ఉండేవి. ఓనర్లందరిదీ ఒకటే మాట, ‘ఎక్కుతుందనుకున్నా భాయ్’ అని.

పజెరో మంచి బండి, దాని బలం మీద నాకే అనుమానమూ లేదు. కానీ ఇసుకలో బండిని నడిపించేది ఇంజిన్ కంటే ముందు టైరు. రోడ్డు మీద ముప్పై పీఎస్‌ఐ (గేజీ మీద కనిపించే అంకె) పైన ఉండే గాలిని, తారు దిగగానే, మొదటి దిబ్బ ముట్టకముందే పదిహేనుకు దించు. నాలుగు టైర్లకూ. గాలి తగ్గితే టైరు పొడుగ్గా పరుచుకుని బరువును ఎక్కువ మేర పంచుతుంది, దిగబడదు. దమ్ము చేసే మడిలోకి దించే ట్రాక్టరుకు ఇనుప చక్రాలు ఎందుకు కడతారో ఊళ్లో చూసినవాడివే కదా, లెక్క అదే. అయితే పదికి కింద మాత్రం దించకు, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. గేజీ నీ సొంతది కొనుక్కో, దోస్తు అంచనా మీద వదిలేయకు. గాలి కొట్టే చిన్న కంప్రెసర్ మూడు బండ్లకూ కలిపి ఒకటైనా ఉండాలి. సాయంత్రం తారెక్కాక అదే మెత్తటి టైర్లతో హైవే మీద నూటఇరవైలో పోతే వేడికి టైరు పేలుతుంది.

తారు దిగగానే లివర్‌ను 4హెచ్‌ఎల్‌సీలో పెట్టు, అంటే సెంటర్ డిఫరెన్షియల్ లాకై ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం కలిసి అందుతుంది. జారకుండా ఆపే స్టెబిలిటీ కంట్రోల్ బటన్ నీ మోడల్‌లో ఉంటే ఆపేసెయ్. అది చక్రం తిరిగిపోతోందని ఇంజిన్ గొంతు నొక్కుతుంది, సరిగ్గా దిబ్బ మధ్యలో నీకు ఊపు కావాల్సినప్పుడే.

ఇక దిబ్బల సంగతి. అక్కడ గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది, దాన్ని షమాల్ అంటారు. గాలి కొట్టే వైపు వాలు నిదానంగా ఉంటుంది, వెనక వైపు మాత్రం ముప్పై డిగ్రీలు దాటిన నిటారు వాలు. నువ్వు ఊపుతో ఎక్కి, కొన దగ్గర కాలు తీసి, అవతల ఏముందో చూసుకోవాలి. దిగేటప్పుడు ముక్కు నేరుగా కిందికే ఉండాలి. భయపడి పక్కకు తిప్పావా, బండి పల్టీ కొడుతుంది. వాలులో బండి వెనక భాగం పక్కకు జరుగుతుంటే బ్రేకు తొక్కాలనిపిస్తుంది. తొక్కకు, కిందికే చూపిస్తూ కాస్త ఎక్సలేటర్ ఇవ్వు, సర్దుకుంటుంది. మిట్టమధ్యాహ్నం నీడలుండవు, దిబ్బలన్నీ చదునుగా కనిపించి అవతలి లోతు తెలియదు. కాబట్టి పొద్దున్నే ఏడుకల్లా దిగి పదకొండుకు తేలిపోండి.

మూడు బండ్లలో నీది మధ్యలో ఉండాలి. ముందు బండి అవతల దిగి హారన్ కొట్టేదాకా నువ్వు దిబ్బ ఎక్కకు. ప్రతి బండికీ పొడుగాటి కర్రకు జెండా కట్టండి. అల్ బదాయర్‌లో సెలవు రోజున బగ్గీలు, నాలుగు చక్రాల బైకులు కొన మీద నుంచి ఎప్పుడు ఊడిపడతాయో చెప్పలేం. అందుకే పాపను దిబ్బ పాదాల దగ్గర ఆడుకోనివ్వకు. ఆరేళ్ల పిల్ల వెనక సీట్లో బూస్టర్ మీద, బెల్టుతో. పదేళ్లలోపు పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టడం అక్కడి చట్టానికే విరుద్ధం. పొద్దున రెండు ఇడ్లీలు చాలు ఎవరికైనా. బిర్యానీ డేక్షా తిరిగొచ్చాక తెరవండి, లేకపోతే అది బయటికొచ్చే దారి వేరే ఉంటుంది.

ఇరుక్కుంటావు. కొత్తవాళ్లందరూ ఇరుక్కుంటారు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. చక్రం ఊరికే తిరుగుతోందని తెలిసిన క్షణంలో కాలు తీసెయ్. ఇంకా తొక్కితే చక్రం గుంట తవ్వుకుని బండి కడుపు ఇసుక మీద కూర్చుంటుంది, అప్పుడు నాలుగు చక్రాలున్నా ఒకటే, నాలుగు వందలున్నా ఒకటే. దిగి, పారతో చక్రాల వెనక ఇసుక తీసి, గాలి పన్నెండుకు దించి, వచ్చిన జాడలోనే రివర్స్‌లో రా. రాకపోతే దోస్తు తాడుతో లాగుతాడు. ఆ తాడును ట్రెయిలర్ తగిలించే గుండుకు మాత్రం కట్టనివ్వకు, అది విరిగితే అద్దం పగలగొట్టుకుని లోపలికొస్తుంది. చట్రానికి బిగించిన కొక్కేనికే కట్టాలి, మీ ఆవిడా పాపా అప్పుడు బాగా దూరంగా నిలబడాలి.

తెల్లగా మెరిసే చదును నేల కనిపిస్తే ‘అబ్బ, హాయిగా ఉంది’ అని దిగకు. అది సబ్ఖా, పైన ఉప్పు పెచ్చు, కింద బురద. మలీహా వైపు కంచెలుంటే దాటకండి, అక్కడి ఫాయా ప్రాంతం 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. దారిలో కనిపించే గాఫ్ చెట్టు మన జమ్మిచెట్టే, తెలంగాణ రాష్ట్ర వృక్షం. అక్కడ అది జాతీయ వృక్షం కూడా. దాని కొమ్మ విరిచి టీ కాచుకోకండి.

ఇన్సూరెన్స్ కాగితం ఇవాళే తీసి చదువు. థర్డ్ పార్టీదైతే నీ బండి దెబ్బలకు దిర్హమ్ రాదు. ఫుల్ కవరైనా ఆఫ్‌రోడ్ ఉందో లేదో చూడు. ట్యాంకు నిండా పెట్రోలు, మనిషికి ఐదు లీటర్ల నీళ్లు. పోలీసు నంబరు 999, అంబులెన్సు 998.

ప్రశ్న: జనవరిలో హైదరాబాద్ నుంచి జైసల్మేర్‌కు మా చిన్న కారులోనే వెళ్తున్నాం. సామ్ ఇసుక దిబ్బల మీదికి ఎక్కించవచ్చా?
(ఒక పాఠకురాలు, ఉప్పల్)

జవాబు: వద్దమ్మా. ముందు చక్రాలతో నడిచే చిన్న కారు, కింద ఎత్తు తక్కువ, పది గజాలు పోకముందే కూర్చుంటుంది. రోడ్డు పక్కన పెట్టి అక్కడి జీపు మాట్లాడుకోండి. బేరం ఆడేటప్పుడు ధరతో పాటు ఇంకోటి కూడా అడగండి, పొదల మీదుగా తొక్కించవద్దని. ఆ చుట్టుపక్కల డెజర్ట్ నేషనల్ పార్కు ఉంది, బట్టమేక పిట్టకు మిగిలిన కొద్ది చోట్లలో అదొకటి. మన రోళ్లపాడులో దానికోసమే అభయారణ్యం పెట్టారు, ఇప్పుడక్కడ అది కనబడటమే గగనం. జనవరి రాత్రి చలి అక్కడ ఎముకలు కొరుకుతుంది, స్వెట్టర్లు డిక్కీలో కాకుండా చేతికందేలా పెట్టుకోండి.