మూడు గీతలా, మూడు చుక్కలా?

ప్రశ్న: మా యాప్‌లో పైన ఎడమవైపు మూడు గీతల మెనూ పెట్టాం. ఆర్డర్లు, ప్రొఫైల్, సెట్టింగ్స్, హెల్ప్ అన్నీ అందులోనే ఉన్నాయి. అయినా ‘నా ఆర్డర్లు ఎక్కడున్నాయి?’ అని రోజూ ఫోన్లు వస్తున్నాయి. గీతలు తీసేసి మూడు చుక్కలు పెడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు, ఇంకా గందరగోళం అవుతుంది. ఈ రెండు గుర్తుల పని వేరు. గీతలు నొక్కితే యాప్‌లోని విభాగాలు వస్తాయని అనుకుంటాం. నిలువు చుక్కలు నొక్కితే షేర్, డిలీట్ లాంటివి, అంటే అప్పుడు చూస్తున్న దానితో చేయగల పనులు వస్తాయనుకుంటాం. ఆర్డర్ల కోసం చుక్కల్లో ఎవరూ వెతకరు.

గీతల గుర్తు కొత్తదేమీ కాదు. 1981లో వచ్చిన జిరాక్స్ కంపెనీ వారి స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ అనే డిజైనర్ గీసిన గుర్తు అది. మీకు ఫోన్ చేసేవాళ్లలో చాలామందికి అది మెనూ అని తెలిసే ఉంటుంది. ఆర్డర్లు అందులో ఉన్నాయనే తెలియదు, ఎందుకంటే ఆ మాట బయట ఎక్కడా లేదు. యాప్‌లు, వెబ్‌సైట్లు వాడటం ఎంత తేలికో పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ అనే సంస్థ 2016లో ప్రచురించిన పరీక్షల్లో, ఫోన్లలో పూర్తిగా దాచిన మెనూని 57 శాతం సందర్భాల్లోనే వాడారు. ముఖ్యమైనవి కొన్ని బయట పెట్టి, మిగతావి దాచినప్పుడు అది 86 శాతానికి చేరింది.

కాబట్టి ఆర్డర్లను బయటకు తెండి. స్క్రీన్ అడుగున ఒక బార్ పెట్టి అందులో హోమ్, ఆర్డర్లు, ప్రొఫైల్, మెనూ ఉంచండి. అయిదుకి మించొద్దు. ప్రతి గుర్తు కింద దాని పేరు తప్పకుండా రాయండి. చోటు చాలదని డిజైనర్ అడ్డుపడినా ఈ ఒక్క విషయంలో మాత్రం తగ్గకండి. ఇల్లు, భూతద్దం లాంటి కొన్ని తప్ప, పేరు లేకుండా అందరికీ ఒకేలా అర్థమయ్యే గుర్తులు చాలా తక్కువ. పైగా పెద్ద ఫోన్‌ని ఒంటి చేత్తో పట్టుకుంటే, పైన ఎడమ మూలకి బొటనవేలు అందదు. అడుగున ఉంటే ఆ ఇబ్బంది లేదు.

గుర్తు చిన్నగా ఉన్నా, వేలు తగిలే చోటు ఆండ్రాయిడ్‌లో కనీసం 48 డీపీ (స్క్రీన్ మీద సైజులకు ఆండ్రాయిడ్ వాడే కొలత) ఉండాలి. కోడ్‌లో బటన్‌కి పేరు ఇచ్చారో లేదో కూడా చూడండి. ఇవ్వకపోతే, చూపు లేనివాళ్లు టాక్‌బ్యాక్‌తో (స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే ఆండ్రాయిడ్ సదుపాయం) వాడుతున్నప్పుడు అక్కడ ఏదో బటన్ ఉందని తప్ప, అదేమిటో తెలియదు.

మార్చాక, మీ యాప్ ఎప్పుడూ చూడని ఒకరిద్దరి చేతికి ఫోన్ ఇవ్వండి. ‘మెనూ తెరవండి’ అనకుండా ‘పోయిన నెల ఆర్డర్ చూపించండి’ అని మాత్రమే అడిగి, వేలు ముందు ఎటు వెళ్తుందో గమనించండి.