అక్క పెళ్ళికి బట్టలు కొనే ముందు ఇది చదువు

చిన్నోడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మొదటి జీతం వచ్చిందట, అక్క పెళ్ళికి నీ బట్టలు నీ డబ్బుతో నువ్వే కొనుక్కుంటానన్నావట. చెప్తూ చెప్తూ దాని గొంతు పూడుకుపోయింది. నాకూ ఛాతీ నిండినట్టయింది రా. కానీ ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట చెప్పింది. లోపల మూడు అంగుళాల మడమ ఉండే బూట్లు, ఎత్తు పెంచేవి, వాయిదాల మీద తీసుకుంటున్నావని. ఇక నాకు నిద్ర పట్టలేదు. కుట్టు షాపు తెరవకముందే కూర్చుని ఇది రాస్తున్నాను.

ముందు బట్ట సంగతి. పల్చటి నూలు, అంతే. ఉగాది దాటాక మన వైపు ఎండ నీకు తెలియనిది కాదు, పాలిస్టర్ కలిసింది ఏదీ వద్దు. మంగళగిరి నూలు గుడ్డ లేత రంగులో తీసుకో, ప్యాంటు కూడా దానికి దగ్గర రంగులో ఉంటే మనిషి నడుము దగ్గర రెండు ముక్కలుగా కనపడడు. అమ్మేవాడు రెండు మీటర్లంటాడు. గుడ్డ పన్నా 58 అంగుళాలుంటే నీ ఒంటికి పొట్టిచేతుల చొక్కాకి మీటరున్నర చాలు, అప్పుడు మిగతా అరమీటరుకి ఎందుకు డబ్బులివ్వాలి? కుట్టే ముందు రాత్రంతా నానేసి నీడలో ఆరేయాలి, లేకపోతే రెండో ఉతుకుకే కుంచించుకుపోతుంది.

రెడీమేడ్ కొంటే భుజం చూసి కొను. కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద నిలబడాలి. పొడవు తగ్గించొచ్చు, చేతులు తగ్గించొచ్చు, భుజం జారితే మాత్రం చొక్కా మొత్తం విప్పాలి, ఆ కూలికి ఇంకో చొక్కా వస్తుంది. బయటికి వదిలేసే చొక్కా నీకు 26 అంగుళాల పొడవు సరిపోతుంది, చొక్కా అంచు ప్యాంటు జిప్పు సగం దగ్గర ఆగాలి. షాపులో దొరికేవి 28, 29 ఉంటాయి, అవి తొడల మీదికి దిగి నీ కాళ్ళని తినేస్తాయి. పిల్లల బట్టల వైపు వెళ్ళి 15, 16 ఏళ్ళ సైజు కూడా చూడు. సిగ్గుపడకు, గుడ్డ అదే, ధర తక్కువ. మెడ బొత్తాం మాత్రం పెట్టి చూసుకో.

ప్యాంటు దగ్గరే చాలామంది మోసపోతారు. రెడీమేడ్ ప్యాంటులో మోకాలు పొడుగువాడి మోకాలి దగ్గర ఉంటుంది. నీకోసం కింద నాలుగు అంగుళాలు కోసేస్తే వెడల్పు భాగమే మిగిలి గొట్టంలా వేలాడుతుంది. కాబట్టి మోకాలి నుంచి కిందికి పక్క కుట్టు కూడా లాగించు, బాటమ్ అంచు చుట్టుకొలత 14 అంగుళాలు దాటనివ్వకు. నడుము బొడ్డుకి రెండు వేళ్ళ కింద ఉండాలి, మీ వయసు పిల్లలు వేసుకునేంత కిందికి కాదు. బెల్టు సన్నది చాలు, పొడవైతే బకిల్ ఊడదీసి ఆ వైపు కొయ్యి, కొన వైపు కాదు. గడియారం కొనకు. తాతయ్య హెచ్‌ఎమ్‌టీ మీ అమ్మ బీరువాలో ఉంది, కీ ఇస్తే ఇప్పటికీ నడుస్తుంది, ఆ చిన్న డయలే నీ మణికట్టుకి అందం.

ఇప్పుడు బూట్ల సంగతి.

1999లో మీ పెద్దమ్మ వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళి. నువ్వింకా పుట్టలేదు. నాకు ముప్పై ఏళ్ళు, నీకంటే ఒక అంగుళం తక్కువ ఎత్తు. ఎక్కడికి వెళ్ళినా 'పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు' అని నన్ను మెచ్చుకుంటున్నామనుకునేవాళ్ళు, నాకు ఒళ్ళు మండేది. పెళ్ళికొడుకు వైపు అందరూ పొడగరులని విని, అప్పు చేసి ఎత్తు మడమ బూట్లు కొన్నాను. మీ పెద్దమ్మ పంచె కట్టుకోమని బతిమాలింది, ఒప్పుకోలేదు. పంచెలో మడమ కనపడుతుంది కదా. బూట్లు కప్పేలా ప్యాంటు రెండు అంగుళాలు పొడవుగా నేనే కుట్టుకున్నాను. నేను, దర్జీని!

మండపం దగ్గర చెప్పులు విప్పాలన్న సంగతి చిన్నపిల్లాడికైనా తెలుసు. అది నా బుర్రకి తట్టలేదు. పంతులుగారు పెళ్ళికూతుర్ని తీసుకురమ్మనేసరికి బూట్లు విప్పాను, ప్యాంటు అంచు పాదాల కిందికి పోయింది. మడుచుకునే టైమ్ లేదు. మేనమామని, బుట్ట పట్టాలి. మూడు మెట్లు. రెండో మెట్టు మీద నా కాలు నా ప్యాంటు మీదే పడింది. బుట్ట ఒరిగింది. మీ పెదనాన్న అవతల గట్టిగా పట్టుకోబట్టి పిల్ల కింద పడలేదు గానీ, మోచెయ్యి మెట్టు అంచుకి కొట్టుకుంది. గాజులు పగిలాయి. పెళ్ళిపీటల మీదికి వెళ్ళే పిల్ల చేతి గాజులు రా. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా 'అయ్యో' అన్నారు, మీ పెద్దమ్మ మొహం తెల్లగా పాలిపోయింది. ఆ పిల్ల మాత్రం రక్తం కారుతున్న చేత్తో నా భుజం పట్టుకుని, "మామయ్యా, నీ కాలికేం కాలేదుగా?" అంది.

ఆ తర్వాత నేను వంటల పందిరి వెనక్కి వెళ్ళిపోయాను. వాళ్ళ ఆల్బమ్ ఎప్పుడైనా తిరగేసి చూడు, తలంబ్రాల్లో గానీ అప్పగింతల్లో గానీ నేనుండను. దేవుడి దయవల్ల ఆ పిల్ల కాపురం చక్కగా ఉంది. అయినా సంక్రాంతికి వచ్చి అన్నం వడ్డిస్తుంటే మోచేతి మీది ఆ మచ్చ వైపే నా చూపు పోతుంది. బూట్ల అప్పు ఆరు నెలలు కట్టాను, మళ్ళీ ఒక్కసారి కూడా వేసుకోలేదు.

వాయిదాల మీద కొనాల్సిన ఖర్మ నీకెందుకురా? మామూలు తోలు చెప్పులు చాలు.

ఈసారి కూడా మేనమామని నేనే, బుట్ట మొయ్యాల్సింది నేనే. 57 ఏళ్ళొచ్చాయి, మోకాళ్ళు మునుపటిలా లేవు. రెండో వైపు నువ్వు పట్టుకోవాలి. ఆ పూటకి మాత్రం ప్యాంటు కాదు, పంచె కట్టుకో. పంచె పన్నా నీకు ఎక్కువవుతుంది, నడుము దగ్గర మడత పెట్టి, అంచు చీలమండకి పైన ఉండేలా కట్టాలి. మీ నాన్నకి అది రాదు, నేను కడతాను.

ఆదివారం పొద్దున్నే గుడ్డ తీసుకుని రా. కుట్టుకూలి తీసుకోను, గొడవ పెట్టకు. అత్తయ్య నీకోసం గోంగూర పచ్చడి చేస్తానంటోంది. ఆ బూట్ల ఆర్డర్ పెట్టి ఉంటే ఇప్పుడే రద్దు చెయ్యి, చేశాక నాకు ఒక్క మెసేజ్ పెట్టు. ఎదురుచూస్తుంటాను.

మామయ్య