సింగపూర్ లెక్కలు చూసి ఆఫర్ ఒప్పుకునే ముందు

పోయిన వారం హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, సింగపూర్‌లో మీడియన్ జీతం నెలకి 5,500 సింగపూర్ డాలర్లంట కదా, నాకు 6,200 ఇస్తున్నారు. అంటే సగం మందికంటే పైనే ఉన్నట్టు. ఒప్పేసుకోనా?"

అంకె కరెక్టే. 2024కి గవర్నమెంటు ఇచ్చిన లెక్కే అది. కానీ దాని కింద చిన్న అక్షరాల్లో రెండు ముక్కలుంటాయి, వాటిని ఎవరూ స్క్రీన్‌షాట్ తీయరు. ఒకటి, అది "రెసిడెంట్ల" జీతం. రెండోది, అందులో కంపెనీ కట్టే సీపీఎఫ్ కూడా కలిసి ఉంది. సీపీఎఫ్ అంటే మన పీఎఫ్ లాంటిదే, కాకపోతే 55 ఏళ్ళ లోపు వాళ్ళకి కంపెనీ 17 శాతం వేస్తుంది. అది తీసేస్తే ఆ 5,500 కాస్తా ఐదు వేల లోపుకి దిగుతుంది. ఈపీ (ఎంప్లాయ్‌మెంట్ పాస్, అంటే విదేశీ ఉద్యోగులకిచ్చే వర్క్ పాస్) మీద వచ్చే మనకి సీపీఎఫ్ లేదు, వాళ్ళు వేసేదీ లేదు, మన దగ్గర కోసేదీ లేదు. "అయితే నేనింకా పైనే ఉన్నాను కదన్నా" అన్నాడు. ఆగు తమ్ముడూ, అసలు సంగతి అది కాదు.

ఇక్కడ రెసిడెంట్ అంటే సిటిజన్లు, పీఆర్‌లు (శాశ్వత నివాస హక్కు వచ్చినవాళ్ళు) మాత్రమే. 2024 జూన్‌లో ఈ దీవి జనాభా 60.4 లక్షలు, అందులో సిటిజన్లు 36.4 లక్షలు, పీఆర్‌లు 5.4 లక్షలు, మిగతా 18.6 లక్షల మందిని "నాన్ రెసిడెంట్" అని వేరే వరుసలో పెడతారు. మీరు పదేళ్ళు ఇక్కడే కాపురం ఉన్నా, పిల్లలు ఇక్కడి బడికే వెళ్తున్నా, ఈపీ మీద ఉన్నంతకాలం నాన్ రెసిడెంటే. నేను 2011లో వచ్చాను, 2016లో పీఆర్ వచ్చింది, ఆ ఏడాది లెక్కల్లో మొదటిసారి రెసిడెంట్‌ని అయ్యాను. అప్పటికి ఐదేళ్ళుగా అదే బ్లాకులో, అదే లిఫ్టు ఎక్కి దిగుతున్నా! లెక్కలు తప్పని కాదు, ఇంత శుభ్రంగా, ఇంత టైముకి లెక్కలిచ్చే దేశాలు తక్కువ. ఆ లెక్క ఎవరిదో చూసుకోవాల్సింది మనమే.

ఎందుకంటే ఆ మీడియన్ జీతగాడికి సొంత ఇల్లుంటుంది. రెసిడెంట్ కుటుంబాల్లో పదింట తొమ్మిదికి దగ్గరగా సొంతింట్లోనే ఉంటాయి, ఎక్కువ శాతం హెచ్‌డీబీ ఫ్లాట్లలో (గవర్నమెంటు హౌసింగ్ బోర్డు కట్టినవి), ఇంటి వాయిదా కూడా చాలామందికి ఆ సీపీఎఫ్ లోంచే పోతుంది. మీకు అద్దె చేతిలోంచి పోతుంది. పుంగోల్, సెంగ్‌కాంగ్ వైపు ఫోర్ రూమ్ ఫ్లాటు మొత్తం తీసుకుంటే నెలకి మూడు వేల డాలర్లు దాటే అడుగుతున్నారు. (ఫోర్ రూమ్ అంటే నాలుగు బెడ్‌రూములు అనుకోకండి, మూడు బెడ్‌రూములు, ఒక హాలు. నేను వచ్చిన కొత్తలో నాలుగో గది ఎక్కడ అని ఏజెంటుని అడిగి నవ్వులపాలయ్యాను.) 6,200లో సగం ఇంటికే పోతే, ఐదు వేలు తెచ్చుకునే ఇక్కడి మనిషికంటే మీరు పైన ఉన్నట్టా, కింద ఉన్నట్టా?

2024కి కుటుంబ ఆదాయం మీడియన్ నెలకి 11 వేల పైచిలుకు అని ఇంకో అంకె తిరుగుతుంటుంది. అది తరచూ ఇద్దరు సంపాదించే ఇల్లు, అందులోనూ కంపెనీ సీపీఎఫ్ కలిసే ఉంది. మీ ఆవిడ డిపెండెంట్ పాస్ మీద వస్తే, 2021 మే నుంచి ఉద్యోగానికి వేరే వర్క్ పాస్ కావాలి, ఊరికే చేరిపోవడానికి లేదు. పైగా ఆ డిపెండెంట్ పాస్ రావాలన్నా మీ జీతం కనీసం 6,000 ఉండాలి. ఇంక తలసరి జీడీపీ ఏడాదికి లక్ష సింగపూర్ డాలర్లకు పైమాట అని వాట్సాప్‌లో వస్తే దాన్ని అలాగే వదిలేయండి. అందులో ఇక్కడ ఆఫీసులు పెట్టుకున్న విదేశీ కంపెనీల లాభాలు కూడా ఉంటాయి, అది ఎవరి జేబులోనూ ఉన్న డబ్బు కాదు.

ధరల లెక్క సంగతి కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే అక్కడ మా ఇంట్లోనే దెబ్బ తిన్నాం. పేపర్లలో ఎక్కువగా కనిపించేది "కోర్ ఇన్‌ఫ్లేషన్". అందులోంచి ఇంటి ఖర్చునీ సొంత కారు ఖర్చునీ తీసేస్తారు, సెంట్రల్ బ్యాంకుకి దాని అవసరాలు దానికి ఉన్నాయిలెండి. 2022లో ఆ కోర్ అంకె 4.1 శాతం. అదే ఏడాది యూఆర్‌ఏ (ఇక్కడి పట్టణ ప్రణాళికా సంస్థ) వాళ్ళ ప్రైవేటు ఇళ్ళ అద్దె సూచీ 29.7 శాతం పెరిగింది. కారు మనకెలాగూ లేదు, అద్దె మాత్రం ఉంది! మా బావమరిది 2023 మొదట్లో కాండో (ప్రైవేటు అపార్ట్‌మెంటు) అగ్రిమెంటు రెన్యూవల్‌కి కూర్చున్నాడు, ధరలు నాలుగైదు శాతం పెరిగాయి కదా, మహా అయితే ఓ రెండు వందలు ఎక్కువ అడుగుతారని వెళ్ళాడు. 3,200 ఉన్నది 4,600 చెయ్యమన్నాడు ఓనరు. మనవాడికి నోట మాట రాలేదు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని యూఆర్‌ఏ సైటు తెరిచాం. అందులో ఏ కాండోలో, ఏ నెలలో, ఎంత విస్తీర్ణానికి ఎంత అద్దెకి అగ్రిమెంటు అయిందో ఉంటుంది, ఎవరైనా ఊరికే చూడొచ్చు. వాళ్ళ కాండోలోనే అదే సైజువి 4,100, 4,250, 4,300 ఉన్నాయి. ఆ పేజీ ఏజెంటుకి పంపించి 4,250కి తెగ్గొట్టాం. తగ్గింది 350, పెరిగింది 1,050, అదీ కథ. ఆ తర్వాత 2024లో సూచీ 1.9 శాతం దిగింది, కాబట్టి ఎవరైనా "అద్దెలు పెరుగుతూనే ఉన్నాయి సార్" అంటే నమ్మేయకుండా మీరూ అదే పేజీ తెరవండి. హెచ్‌డీబీ ఇళ్ళకి హెచ్‌డీబీ సైటులో ఊరు వారీగా మీడియన్ అద్దెలుంటాయి. ఇంకోటి, హెచ్‌డీబీలో పూర్తి ఫ్లాటు అద్దెకి విదేశీయుల కోటా ఉంది, చుట్టుపక్కల ప్రాంతంలో 8 శాతం, బ్లాకులో 11 శాతం. మలేషియా వాళ్ళకి అది వర్తించదు, మనకి వర్తిస్తుంది. ఇల్లు నచ్చి, ఓనరు ఒప్పుకుని, అడ్వాన్సు మాట్లాడాక కోటా నిండిందని తెలిస్తే ఆ నీరసం వేరు. ముందే చూసుకోండి.

నిరుద్యోగం 2 శాతమేనట కదా, ఉద్యోగం పోయినా ఇంకోటి దొరుకుతుందిలే అని కూడా కొందరు ధీమాగా ఉంటారు. మొత్తం మీద 2 శాతం దగ్గరే, రెసిడెంట్లకి మాత్రం అంతకంటే ఎక్కువ, 3 శాతానికి చేరువగా. విదేశీయుల్ని కలిపితే అంకె ఎందుకు తగ్గుతుందో ఒక్క నిమిషం ఆలోచించండి. ఉద్యోగం పోతే కంపెనీ ఈపీ క్యాన్సిల్ చేస్తుంది, చేతిలో మామూలుగా 30 రోజుల విజిట్ పాస్ పెడతారు, ఆలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే విమానం ఎక్కాల్సిందే. మీరు నిరుద్యోగిగా ఆ లెక్కలో కనిపించేంత సేపు ఇక్కడ ఉండరు.

మీరు నిజంగా ముందు చూసుకోవాల్సిన లెక్క వేరే ఉంది, అదే కంపాస్, ఈపీ ఇవ్వాలా వద్దా అని పాయింట్లు వేసే పద్ధతి. 2023 సెప్టెంబర్ నుంచి కొత్త ఈపీలకి అన్ని వరుసలూ కలిపి 40 పాయింట్లు రావాలి. అందులో ఒక వరుస జీతం. మీ జీతాన్ని మీ రంగంలో, మీ వయసులో ఉన్న లోకల్ ఉద్యోగుల జీతాలతో పోలుస్తారు. 90వ పర్సంటైల్ (అంటే వందలో తొంభై మంది కంటే పైన) దాటితే 20, 65వది దాటితే 10, దాని కింద సున్నా. అంటే 25 ఏళ్ళ వాడికి సరిపోయిన 6,200 మీకు 38 ఏళ్ళొస్తే సరిపోదు. కంపెనీలో పై స్థాయి ఉద్యోగుల్లో ఇప్పటికే పావు వంతు మన దేశం వాళ్ళే ఉంటే వైవిధ్యం అనే వరుస కింద ఇంకో సున్నా. మన ఐటీ కంపెనీల్లో ఇది ఎంత మామూలో మీకు చెప్పక్కర్లేదు. మ్యాన్‌పవర్ మినిస్ట్రీ సైటులో ముందే సరిచూసుకునే టూల్ ఉంది. హెచ్‌ఆర్ "అంతా మేం చూసుకుంటాం" అన్నా సరే, మీ చేత్తో మీరు వేసి చూడండి.

తమ్ముడి వయసు 34. రాత్రి వీడియో కాల్‌లో ఇద్దరం ఆ టూల్‌లో అంకెలు కొట్టాం, జీతం వరుసలో సున్నా వచ్చింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎంత అడగమంటావన్నా" అన్నాడు. జీతం గడిలో అంకె పెంచుకుంటూ పోయాం, 10 పాయింట్లు పడిన చోట ఆగి, ఆ అంకె రాసుకోమన్నాను.