మేకు నిలవని ఇసుక గురించి రాయి

చిరంజీవి అమ్మాయికి,

బాబాయ్ ఆశీర్వదించి రాయునది. నువ్వూ మీ ఆయనా అమెరికాలో టెంట్ వేసుకుని తిరిగిన క్యాంపింగ్ మీద నీ వ్యాసం అందింది. ఫోన్లో చదివితే కళ్లు లాగుతున్నాయని ప్రింట్ తీసుకున్నాను. పద్నాలుగు పేజీలు, అయిదు క్యాంప్‌గ్రౌండ్లు, ఏడు సూర్యాస్తమయాలు. లెక్కపెట్టాను. ‘ప్రకృతి ఒడిలో’ నాలుగుసార్లు వచ్చింది. నక్షత్రాలు రెండుచోట్ల వజ్రాలయ్యాయి, ఒకచోట మల్లెపూలయ్యాయి. మీ పిన్ని పక్కనుంచి తొంగిచూసి ‘పిల్లని ఏడిపించకండి’ అంది. ఏడిపించను. అలాగని దాచను కూడా.

తొమ్మిదో పేజీలో ఒక వాక్యముంది: ‘రాత్రి మూడుసార్లు లేచి మేకులు మళ్లీ కొట్టాం.’ అసటీగ్ దీవిలో రాత్రి గురించి, టెంట్‌ని నేలకి బిగించే మేకుల గురించి. అది చదివి నేను నిటారుగా కూర్చున్నాను. ఎందుకు ఊడాయి? ఎవరు కొట్టారు? దేంతో కొట్టారు, రాయితోనా, చెప్పుతోనా? ఇద్దరిలో ఎవరికి ముందు కోపమొచ్చింది? ఇవేవీ చెప్పకుండా తర్వాతి వాక్యంలోనే సముద్రం మీద సూర్యుణ్ణి లేపేశావు. ఆ సూర్యుణ్ణి మేమందరం చూశాం తల్లీ. ఆ మేకుల్ని మాత్రం నువ్వొక్కదానివే కొట్టావు.

నేను చెప్పదలచుకున్నదంతా ఇదే, మిగతాది దీన్ని పట్టుకుని సాగదీయడమే: ఒక్కో క్యాంప్‌గ్రౌండ్ నీ చేత ఒక్కో చాకిరీ చేయించింది. ఆ చాకిరీ రాస్తే చోటు దానంతటదే వస్తుంది.

అసటీగే తీసుకో. ముప్ఫయ్యేడు మైళ్ల పొడుగున సన్నగా పరుచుకున్న ఇసుక దీవి, కొంత మేరీల్యాండ్‌లో, కొంత వర్జీనియాలో. అక్కడ మామూలు టెంట్‌తో వచ్చే జానెడు మేకులు పనికిరావు. ఇసుక పట్టు ఇవ్వదు, పైగా సముద్రపు గాలి. పొడుగు మేకులు తెచ్చుకోమని రిజర్వేషన్ పేజీలోనే ఉంటుంది, ఎవరూ చదవరు. నేనూ చదవలేదు. అయితే ఇసుకలో మేకు నిలవకపోవడం దగ్గరే ఆగిపోకు. అక్కడ దీవే నిలవదు. 1933లో వచ్చిన తుపాను ఓషన్ సిటీ దగ్గర భూమిని కోసి సముద్రానికి దారి చేసింది. ఆ దారి పూడిపోకుండా రాళ్ల గట్లు కట్టారు. ఉత్తరాన్నించి కొట్టుకొచ్చే ఇసుక ఆ గట్ల దగ్గర ఆగిపోయి, కింద ఉన్న అసటీగ్‌కి అందడం తగ్గింది. అప్పట్నించీ దీవి ఉత్తరపు కొస ప్రధాన భూభాగం వైపు జరుగుతూ ఉంది. అంటే అర్ధరాత్రి నువ్వు మేకు నిలబెట్టాలని చూసింది, తొంభై ఏళ్లుగా తనే నిలవలేకపోతున్న నేలలో. ఇది నీ వాక్యం పక్కన పెట్టి చూడు. ఏ ఉపమానమూ అక్కర్లేదు.

ఆ దీవిలో తిరిగే అడవి గుర్రాల గురించి మూడు పేజీలు రాశావు, బాగానే ఉంది, కానీ ‘స్వేచ్ఛకు ప్రతీకలు’ తీసెయ్. నలభై అడుగుల దూరంలో ఉండమని బోర్డు పెట్టిన గుర్రం నీ అట్టపెట్టె మూత ముట్టెతో ఎత్తి చపాతీలు తినేసిందని ఫోన్లో నవ్వుతూ చెప్పావే, అది వ్యాసంలో ఏది? దొంగతనం చేసిన గుర్రం కంటే స్వేచ్ఛాజీవి ఎవరుంటారు?

ఇంకో సంగతి. క్యాంపు అన్న మాట మనకి కొత్తది కాదు. మా నాన్న రెవెన్యూలో పనిచేసేవారు. ఎవరైనా గుమ్మంలోకొచ్చి ‘అయ్యగారున్నారా’ అంటే ‘క్యాంపుకెళ్లారు’ అనేవాళ్లం. అంటే జీపు, ఫైళ్లు, ట్రావెలర్స్ బంగళా, తిరిగొచ్చేటప్పుడు ఓ బుట్ట మామిడిపళ్లు. తర్వాతి కాలంలో క్యాంపు రాజకీయాలొచ్చాయి, ఎమ్మెల్యేల్ని బస్సెక్కించి రిసార్టుల్లో దాచడం. ఈ రెండూ చూసిన తెలుగు పాఠకుడికి, డబ్బు కట్టి మరీ అడవిలో నేలమీద పడుకోవడం వింతగానే ఉంటుంది. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకి వెళ్తాం సరే, చీకటి పడేలోపు ఇంటికొచ్చేస్తాం కదా. మా అమ్మ అమెరికా వచ్చినప్పుడు అడగనే అడిగింది: ‘ఇంత ఇల్లుండగా నేలమీదెందుకురా?’ నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. నీ వ్యాసంలో కూడా లేదు, ఫర్వాలేదు. కానీ రాస్తున్నంతసేపూ ఆ ప్రశ్న అడిగే మనిషి ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చున్నట్టు ఉండాలి. అప్పుడు ‘మాటల్లో చెప్పలేని అనుభూతి’ అని రాయడానికి చెయ్యి రాదు. చెప్పలేకపోతే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కు భాగంలో నువ్వు విసుక్కున్నావు. ‘అప్పర్ పైన్స్‌లో టెంట్లు రైల్వే ప్లాట్‌ఫాం మీద పడుకున్నట్టు ఉన్నాయి, పక్కవాళ్ల గురక వినిపించింది’ అని. తర్వాత భయపడి ‘అయినా అద్భుతం’ అని అతికించావు. విసుగు ఉంచు, అతుకు తీసెయ్. 200కి పైగా సైట్లున్న చోటు అది. అయిదు నెలల ముందు, 15వ తేదీన, పసిఫిక్ టైం ప్రకారం పొద్దున ఏడింటికి బుకింగ్ తెరిస్తే, తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్ల లాగా నిమిషాల్లో ఖాళీ. అంత కష్టపడి సంపాదించిన చోట పక్కవాడి గురక వినాల్సి రావడం మంచి సరుకు.

ఆ విసుగు వెనక ఇంకా సరుకుంది. ఒకవైపే వెళ్లే గుండ్రటి దారి, దాన్నించి చీలిన చిన్న పార్కింగ్ ముక్క, నంబరున్న గుంజ, కదలని బల్ల, ఇనుప రింగులో మంట. ఈ అమరిక ఎవరి బుర్రలోంచి వచ్చిందనుకున్నావు? చెట్ల జబ్బులు చూసే శాస్త్రవేత్త. పేరు ఎమీలియో మైనెకీ. కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో జనం కాలిఫోర్నియా అడవుల్లో ఎక్కడ బుద్ధిపుడితే అక్కడ బండి ఆపి దిగిపోయేవాళ్లు. చక్రాల కిందా కాళ్ల కిందా నేల గట్టిపడి, వేళ్లకి గాలీ నీరూ అందక పెద్దపెద్ద చెట్లు నీరసించడం ఆయన గమనించాడు. జనాన్ని రావొద్దనలేం, అందుకని కార్లు ఎక్కడ ఆగాలో రాళ్లూ దుంగలూ అడ్డంపెట్టి నిర్ణయించేద్దాం అన్నాడు. 1932లో ఆ పద్ధతిని రాసిపెట్టాడు. ఆ దశాబ్దంలోనే, ఆర్థికమాంద్యంలో పని లేక, ప్రభుత్వం ఉపాధి కోసం పెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌లో చేరిన కుర్రాళ్ల చేతులతో అలాంటివి దేశమంతా లేచాయి. నిన్ను ఇరుకులో పెట్టింది పైన్ చెట్టు వేరు. ప్లాట్‌ఫాం అన్న నీ పోలిక అప్పుడు మరీ నవ్వులాటగా ఉండదు.

ఎలుగుబంట్లకి అందకుండా తిండి దాచే ఇనుప పెట్టె గురించి ఒక్క పేరాతో సరిపెట్టావు. నేనైతే వ్యాసమంతా ఆ పెట్టెలోనే పెట్టేవాణ్ణి. 33 అంగుళాల లోతు, 45 వెడల్పు, 18 ఎత్తు. తెలుగు కుటుంబం వారాంతపు సామాను అందులో పట్టించడమంటే పెళ్లివారి విడిదింట్లో బొంతలు సర్దడమే. తిండొక్కటే కాదు, వాసనున్నదేదైనా లోపలికే: టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె. మా మొదటి ట్రిప్పులో మీ పిన్ని పులిహోర, ఆవకాయ సీసా, ఇంగువ డబ్బా అన్నీ పెట్టాక, చేతికి అంటుకున్న పోపు వాసన ఏం చేయాలని రేంజర్‌నడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి ‘కడుక్కోండి’ అన్నాడు. ఇందులో నవ్వుంది, దాని కింద నవ్వులేనిదీ ఉంది. 1920ల్లో ఆ లోయలోనే చెత్త తిండి పోసి, ఎలుగులు తింటుంటే జనానికి ప్రదర్శనగా చూపించారు. మనుషుల తిండి మరిగిన జంతువు కార్ల తలుపులు పీకడం నేర్చుకుంటుంది, చివరికి దాన్నే చంపాల్సి వస్తుంది. 1998లో ఒక్క ఏడాదిలోనే ఎలుగులు తిండి కోసం కార్ల మీదా సామాను మీదా పడడంలాంటి ఘటనలు 1,584 నమోదయ్యాయి. ఇప్పుడవి అందులో చాలా చిన్న వంతు. ఆ పెట్టె గడియ చలిలో వేళ్లకి ఎలా తగిలిందో రాయి, ఈ చరిత్రంతా ఆ గడియకి వేలాడదీయొచ్చు.

కేఓఏలో (ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్ల సంస్థ అది) ఉన్న రాత్రిని రెండు వాక్యాల్లో, అదీ సిగ్గుపడుతూ, దాటేశావు. ‘అది అసలు క్యాంపింగ్ కాదు’ అని. ఎవరు చెప్పారు? 1962లో మోంటానాలోని బిల్లింగ్స్‌లో, సియాటిల్ వరల్డ్ ఫెయిర్‌కి పోయే కార్లు రోడ్డు పక్కన ఆగడం చూసి, ఎల్లోస్టోన్ నది ఒడ్డున ఒకాయన వేడినీళ్ల స్నానం, ఓ చిన్న దుకాణంతో మొదలుపెట్టిన వ్యవహారమది. మన సత్రంలాంటిది. నాలుగు రోజుల దుమ్ము మీద వేడినీళ్లు పడ్డ సుఖాన్ని ఒప్పుకోని రచయితని నేను నమ్మను.

కాలిఫోర్నియా ఎడారిలోని జాషువా ట్రీ పార్కులో, జంబో రాక్స్ క్యాంప్‌గ్రౌండ్ దగ్గర నీళ్లుండవని నీకు చేరాక తెలిసింది. మనిషికి రోజుకో గ్యాలన్ మోసుకెళ్లాల్సిన చోటు. ఉన్న నాలుగు సీసాలతో అన్నం వండాలా, గిన్నె కడగాలా అని ఇద్దరూ వాదించుకున్నారన్నావు. ఆ వాదన యథాతథంగా, ఎవరి మాట వాళ్లదిగా కావాలి నాకు. అక్కడి బండల్ని చూసి ‘గ్రహాంతర లోకం’ అన్నావు. హైదరాబాద్‌లో పుట్టినదానివి ఆ మాట ఎలా అన్నావమ్మా! దుర్గం చెరువు పక్కన అచ్చం అలాగే ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్న గుండ్లు చూస్తూ పెరిగావు. రెండుచోట్లా జరిగిందీ ఒకటే: రాయి ఇంకా భూమి లోపలున్నప్పుడే పగుళ్లలోకి నీరు దిగి మూలలు తిని గుండ్రంగా చేస్తుంది, తర్వాత పైమట్టి కొట్టుకుపోతుంది. మనది 250 కోట్ల ఏళ్ల నాటి రాయి, అక్కడిది 10 కోట్ల పైచిలుకు. నువ్వు గ్రహాంతరానికి పోలేదు, మీ వీధికి చుట్టరికమున్న ఊరికెళ్లావు. మన గుట్టల్ని పేల్చి గేటెడ్ కమ్యూనిటీలు కట్టారు, అక్కడ ఒక్క గులకరాయి జేబులో వేసుకున్నా తప్పే. దీని గురించి నీకేమీ అనిపించలేదా? అనిపిస్తే రాయి, లేకపోతే వదిలెయ్.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను. 1996లో ఎనిమిది కుటుంబాలం కలిసి ఒక స్టేట్ పార్కుకెళ్లాం. నెగడు వేశాం, అంత్యాక్షరి మొదలెట్టాం. పది దాటాక గోల చేయకూడదని బోర్డుంది. పదకొండింటికి రేంజర్ టార్చితో వచ్చాడు. మావాళ్లు తలొంచుకుని, ఆయన వెళ్లగానే మళ్లీ ఘంటసాల పాటందుకున్నారు. నేను దానిమీద వ్యాసం రాశాను, మా పాటల్ని అర్థం చేసుకోలేని యంత్రంలాంటి మనిషిగా ఆయన్ని చిత్రించి. అందరూ మెచ్చుకున్నారు. ఆ వ్యాసంలో రాయనిదేమిటంటే, పొద్దున పక్క సైట్లోని ముసలాయన కొళాయి దగ్గర కలిసి, కోపంగా కాదు, మామూలుగానే, ‘మా ఆవిడకి కీమో నడుస్తోంది, నిద్రపట్టని మనిషి, చెట్ల కిందైతే పడుతుందేమోనని తీసుకొచ్చాను’ అన్నాడు. అది నాకు తెలుసు. తెలిసే వదిలేశాను, వ్యాసం నవ్వు చెడిపోతుందని. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ వ్యాసాన్ని ఏ సంకలనంలోనూ చేర్చనివ్వలేదు.

నీ పద్నాలుగు పేజీల్లో పక్క టెంట్‌వాళ్లు ఒక్కరూ లేరు, గురక తప్ప.

మాటల విషయం. టెంట్‌ని గుడారం అని రాశావు. అది బైబిల్లోనో సర్కస్‌లోనో ఉన్నట్టుంటుంది, టెంట్ అనే రాయి. కానీ ‘క్యాంప్‌ఫైర్’ అన్నచోట నెగడు అను, మనకున్న మాట అది, ఎదురుగా నిలబడితే మొహం కాలి వీపు చల్లబడేది. ‘తెల్లారేసరికి టెంట్ లోపల మంచు కురిసింది’ అన్నావు చూడు, అది మంచు కాదు. మీ ఇద్దరి ఊపిరే. రాత్రంతా వదిలిన ఆవిరి చల్లటి గుడ్డకి తగిలి చెమ్మయింది. గాలాడేలా జిప్పు కొంచెం తెరిచుంచితే తగ్గుతుంది. కొత్తగా పెళ్లయిన పిల్లవి, ఆ తప్పు వాక్యం కంటే ఈ నిజం వాక్యమే నీకు పనికొస్తుంది.

చలి గురించి కూడా సరిచూసుకో. పైన రెండు దుప్పట్లున్నా వణికామని రాశావు. నేల వేడిని కింద నుంచి లాగేస్తుంది. ఒంటి బరువుకి అణిగిన స్లీపింగ్ బ్యాగ్ అడుగున ఏమీ ఆపలేదు, అందుకే కింద ప్యాడ్ వేస్తారు. పైగా చల్లగాలి బరువు, రాత్రి పల్లానికి జారుతుంది. నది పక్కన అందమైన సైటు ఎంచుకున్నందుకు కట్టిన జరిమానా అది. మా అమ్మ ఉంటే ‘అందానికి పోతే అంతే’ అనేది.

జేబులో చిన్న పుస్తకం పెట్టుకో. సాయంత్రం రాయకు, సాయంత్రం అందరూ కవులే. రాత్రి మూడింటికి బాత్రూంకి లేస్తావు కదా, చెప్పులు వెతుక్కుంటూ, జిప్పు చప్పుడుకి నీకు నువ్వే జడుసుకుంటూ. వెనక్కొచ్చాక హెడ్‌ల్యాంప్ వెలుతురులో రెండే ముక్కలు రాసుకుని పడుకో.

మొత్తం తిరగరాయొద్దు. ముందు అసటీగ్ ఒక్కటే, మేకుల దగ్గర మొదలెట్టి, సూర్యుడు రాకముందే ఆపి పంపు. పొడుగు మేకులు మా గరాజ్‌లో నీలం బకెట్లో పన్నెండున్నాయి. రెండు వంకరపోయాయి. ఈసారి వర్జీనియా నుంచి ఇటు వస్తే తీసుకెళ్లు, మీ పిన్ని పులిహోర కూడా కట్టిస్తుంది. గుర్రాలకి అందనీయకు.

ఆశీస్సులతో,
బాబాయ్