జబ్బు పడిన తమ్ముణ్ణి మళ్ళీ కాలేజీకి పంపొచ్చా?

ప్రశ్న: అమ్మా, మాది ధర్మవరం. నాయన మగ్గం నేస్తాడు. తమ్ముడు అనంతపురంలో బీటెక్ మూడో సంవత్సరంలో ఉండగా జబ్బు పడినాడు. హాస్టల్ గోడ అవతల అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని, తన ఫోన్ ఎవరో వింటున్నారని రాత్రంతా మేలుకొని ఉండేవాడు. కసాపురం ఆంజనేయస్వామి గుడికి తిరిగినాం, తర్వాత బెంగళూరు నిమ్‌హాన్స్ మానసిక ఆసుపత్రికి పోయినాం. స్కిజోఫ్రీనియా అన్నారు. ఏడాదిగా మందులు తప్పకుండా వేసుకుంటున్నాడు, గొంతులు వినిపించడం ఆగింది. ఇప్పుడు మళ్ళీ కాలేజీకి పోతానంటాడు. ‘చదివి చదివే బుర్ర చెడింది, ఇంట్లో కండెలు చుట్టుకుంటే చాలు’ అంటాడు నాయన. డాక్టరేమో ఇంటిల్లిపాదీ వచ్చి జబ్బు గురించి పాఠాలు వినమంటున్నారు. మందులిచ్చే చోట పాఠాలేందమ్మా? వాణ్ణి చదువుకు పంపొచ్చా?
– ఒక అక్క, ధర్మవరం

జవాబు: పంపొచ్చు తల్లీ. ఈ జబ్బు మనిషిలో ‘నాకిది కావాలి’ అనే ఆశను కూడా ఎండగడుతుంది. మీ తమ్ముడిలో అది మళ్ళీ తలెత్తింది. దాన్ని తుంచకండి.

మీ నాయనకు మొదట ఒక సంగతి చెప్పాలి. మగపిల్లల్లో స్కిజోఫ్రీనియా ఎక్కువగా 18, 25 ఏళ్ల మధ్య బయటపడుతుంది. అది సరిగ్గా కాలేజీ వయసు, అందుకే నింద చదువు మీద పడుతుంది. ఆ వయసులో వాడు మగ్గం గుంటలో కూర్చుని ఉన్నా వచ్చేదే. పరీక్షల ముందు వరసగా నిద్ర మానడం, గంజాయి తాగడం లాంటివి రాబోయే జబ్బును తొందరపెడతాయి, నిజమే. వాటిని మానాలి, పుస్తకాన్ని మానక్కర్లేదు. కండెలు చుట్టడం గౌరవమైన పనే. అయితే అది వాడు కోరుకున్నది కాదు కదా.

ఇక పాఠాలేంది అన్నావు. మీ డాక్టరు కొత్తగా కనిపెట్టిందేమీ కాదిది. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాల సూపరింటెండెంట్ డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగితో పాటు ఇంటివాళ్లను కూడా ఉండనిచ్చారు. వాళ్లను కూర్చోబెట్టి జబ్బు గురించి విడమరిచి చెప్పేవారు. ఇంటికి పోయాక ఏం చేయాలో తెలుసుకొని పోయారు ఆ కుటుంబాలు. మన వేలూరు సీఎంసీ ఆసుపత్రిలోనూ 1950ల చివరి నుంచే రోగితో పాటు ఇంటివాళ్లూ ఉండే పద్ధతి నడిచింది. ఇక 2009లో నైరుతి లండన్‌లో ‘రికవరీ కాలేజీ’ అని ఏకంగా ఒక కాలేజీయే పెట్టారు, రెండేళ్లకు నాటింగ్‌హామ్‌లో ఇంకొకటి. అక్కడ చేరినవాళ్లను రోగులనరు, విద్యార్థులంటారు. ప్రాస్పెక్టస్ చూసి తమకు కావాల్సిన క్లాసులో పేరు రాయించుకుంటారు. పాఠాన్ని తయారుచేసేది, చెప్పేది ఇద్దరు కలిసి: ఒకరు వైద్యం తెలిసినవారు, ఇంకొకరు ఆ జబ్బును అనుభవించినవారు. ఈ రెండోమాట నాకు చాలా ముఖ్యం.

ఎందుకంటే నాకు బైపోలార్ జబ్బు ఉంది, కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు దిగులు. దానికిచ్చే లిథియం మాత్ర వేసుకుంటూనే డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మాత్ర పేరు డాక్టరు చీటీలో రాశారు. ఆ మాత్రతో ఎలా బతకాలో నేర్పింది మాత్రం ఇద్దరు: ఒక సోషల్ వర్కరూ, నాకంటే ముందునుంచీ లిథియం వాడుతున్న ఒకావిడా. ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. అనంతపురం ఏప్రిల్ ఎండలో ఇదేమీ చిన్న విషయం కాదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అంతే. చేతులు బాగా వణికినా, నడక తూలినా, మాట ముద్దయినా మరుసటి మాత్ర వేసుకోకుండా ఆసుపత్రికి పోవాలి. పక్కింటివాళ్లు బీపీకి మంచిదన్నారని ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు. మోకాళ్ల నొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మందుల షాపులో అడిగి తెచ్చుకొని మింగకూడదు. ఎప్పటికప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇవన్నీ తెలిశాకే ఆ మాత్రంటే నాకు భయం పోయింది. ఇంకొకటి కూడా వాళ్ల దగ్గరే తెలిసింది: జబ్బు తిరగబెట్టే ముందు నాకు నిద్ర సగానికి పడిపోతుంది, అయినా అలుపుండదు, మీ ఊరికొచ్చి అప్పు మీద పట్టుచీరలు కొనేస్తాను. ఆ గుర్తులు మా ఆయనకూ తెలుసు కాబట్టి ఆయన పోట్లాడడు, డాక్టరుకు ఫోన్ చేస్తాడు.

మీ తమ్ముడి గుర్తులు వేరుగా ఉంటాయి. వాడి చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వు. బాగున్న రోజు తానెట్లా ఉంటాడు, జబ్బు మొదలైనప్పుడు మొట్టమొదట ఏం మారింది, అప్పుడు ఎవరికి చెప్పాలి, ఎవరు తన దగ్గరికి రాకూడదు, ఏ మందు పడింది, ఏది పడలేదు, ఇవన్నీ వాడే రాయాలి. నువ్వు రాసిపెట్టొద్దు. అమెరికాలో 1997లో జబ్బు పడి కోలుకున్నవాళ్లే కొందరు కూర్చొని ఇలాంటి పద్ధతిని రూపొందించుకున్నారు, ఇప్పుడది చాలా దేశాల్లో నడుస్తోంది. మళ్ళీ జబ్బు ముదిరితే తనకు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో బాగున్నప్పుడే రాసిపెట్టుకునే హక్కును మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఇచ్చింది.

ఇంటివాళ్ల పాఠం ఇంకా కష్టం. 1950ల్లో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు ఆసుపత్రి నుంచి విడుదలైన మగవాళ్లను గమనించాడు. అద్దె గదులకు పోయినవాళ్లకంటే అమ్మానాన్నల దగ్గరికో భార్య దగ్గరికో పోయినవాళ్లకే జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. ఎందుకని తవ్వితే ఇంట్లో మాటలు దొరికాయి: ఎత్తిపొడుపు, కోపం, అతిగా కాపలా. కుటుంబం వల్ల జబ్బు వచ్చిందని దీనర్థం కాదు, ఆ మాట ఎవరన్నా నమ్మొద్దు. 1980ల్లో చండీగఢ్‌లో చూస్తే మన కుటుంబాల్లో ఈ ఎత్తిపొడుపు లండన్ కంటే తక్కువే అని తేలింది. ఆ బలం మనకుంది. కుటుంబానికి నేర్పితే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని చాలాచోట్ల రుజువైంది.

మీ ఇంట్లో ఏం మారాలి? ‘పది దాకా పడుకుంటాడు, సోమరిపోతు’ అని నాయన అంటుంటాడని ఊహిస్తున్నాను. అది మందు మత్తు కావచ్చు, జబ్బే ఉత్సాహాన్ని లాగేసి ఉండొచ్చు. తిట్టేబదులు ‘ఎనిమిదికి లేచి నాతో టీ తాగురా’ అనమను. ఒకసారికి ఒక మాట, ఒక పని. బంధువులు ‘ఎట్లున్నావ్’ అని వాణ్ణి అడిగితే అమ్మ జవాబు చెప్పకూడదు. కసాపురం స్వామికి మొక్కుకోండి, నేనూ మొక్కుతాను. మాత్ర వేసుకున్నాకే గుడికి బయల్దేరండి.

చదువు విషయంలో నిదానంగా పోదాం. గొంతులు ఆగినా కొన్నాళ్లు ధ్యాస నిలవదు, చదివింది జారిపోతుంది. అది చూసి వాడు బెదరకూడదు. మధ్యలో ఆపిన విద్యార్థి ఏ రెగ్యులేషన్ కింద మళ్ళీ చేరాలి, కోర్సు పూర్తిచేయడానికి ఇంకెంత గడువుంది, ఈ రెండూ అకడమిక్ సెక్షన్‌లో రాతపూర్వకంగా అడగండి. అన్ని బ్యాక్‌లాగ్‌లూ ఒకే సెమిస్టర్‌లో నెత్తికెత్తుకోవద్దు, రెండు సబ్జెక్టులతో మొదలుపెట్టమను. తొలి సెమిస్టర్ హాస్టల్ వద్దు, ధర్మవరం నుంచి రైలుకో బస్సుకో పోయిరావచ్చు. పొద్దున మత్తుగా ఉంటే మాత్ర వేళ మార్చొచ్చేమో డాక్టరును అడగండి, మీ అంతట మీరు మార్చొద్దు. కాలేజీలో నమ్మకమున్న ఒక్క లెక్చరర్‌కైనా సంగతి తెలిసుండాలి. ఎవరికి చెప్పాలో మాత్రం వాడే తేల్చుకోవాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మానసిక జబ్బు కూడా ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన అని ధ్రువీకరణ ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, వయసులో 5 ఏళ్ల సడలింపు ఉంటాయి. సర్టిఫికెట్ తీసుకోవాలా వద్దా అనేది వాడి ఇష్టం. కొందరికది ఆసరా, కొందరికి గాయం. తొందరపెట్టకండి.

వచ్చే క్లాసుకు నాయనను తప్పకుండా తీసుకెళ్ళు. మగ్గం ఒక పూట ఆగితే కూలి పోతుందని నాకు తెలుసు. అయినా అడుగు.

ప్రశ్న: నా భార్యకు డిప్రెషన్. రెండు నెలల మందులతో తేరుకుంది. జబ్బు గురించి చెప్పే పాఠాలు వింటే మాత్రలు మానేయొచ్చా?
– ఒక పాఠకుడు, కళ్యాణదుర్గం

జవాబు: మానకూడదు. పాఠం మందుకు బదులు రాదు. తేరుకున్నాక కూడా సాధారణంగా ఆరు నెలలకు తక్కువ కాకుండా మందు కొనసాగిస్తారు, ఆపేటప్పుడు డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. ఇదంతా ఆవిడకూ తెలియాలి కాబట్టి క్లాసుకు ఇద్దరూ వెళ్ళండి. దగ్గర్లో క్లాసు లేకుంటే 14416కు ఫోన్ చేయండి. ఫోన్లో మానసిక సాయం అందించే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు అది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. వీలైతే ఆవిడనే మాట్లాడనివ్వండి. చావు మాట ఎత్తితే మాత్రం ఆవిణ్ణి ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.