బుడగలు ఆగిపోతే ఎమర్జెన్సీ ఫండ్ కదపాలా?

ప్రశ్న: మా హాట్ టబ్‌లో బుడగలు రావడం లేదు. రిపేర్‌కి వచ్చినాయన బటన్ ఒకసారి నొక్కి చూసి ఎయిర్ బ్లోయర్ పోయిందన్నాడు, కంట్రోల్ బోర్డు కూడా మార్చుకోమన్నాడు, అసలు ఈఎంఐలో కొత్త టబ్ తీసుకోవడమే మేలన్నాడు. ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి తీయాలా, కార్డు మీద ఈఎంఐ పెట్టాలా?

జవాబు: రెండూ వద్దండి. ముందు టెన్షన్ పక్కన పెట్టండి, ఎందుకంటే నీళ్లు తిప్పే పంపు వేరు, వేడి చేసే హీటర్ వేరు, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి గాలి ఊదే బ్లోయర్ వేరు. బ్లోయర్ ఆగినా నీళ్లు వేడెక్కుతాయి, ఫిల్టర్ అవుతాయి, జెట్లు కొడతాయి. ఎమర్జెన్సీ ఫండ్ ఉన్నది ఉద్యోగం పోయినప్పుడు, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోనప్పుడు వాడుకోవడానికి. బుడగలు రెండు నెలలు రాకపోయినా ఏమీ కాదు.

ఒకవేళ బటన్ నొక్కగానే బ్రేకర్ ట్రిప్ అవుతుంటే మాత్రం టబ్ వాడటం ఆపేయండి. మోటారులోకి తడి చేరి ఉండొచ్చు. మెయిన్ ఆఫ్ చేయించి, ఎలక్ట్రీషియన్‌తో బ్లోయర్ కనెక్షన్ తీయించి, మిగతాది చెక్ చేయించాకే నీళ్లలో దిగండి. బ్రేకర్‌ని బైపాస్ చేస్తానని ఎవరన్నా ఒప్పుకోవద్దు, ఇది ప్రాణాలతో పని.

ఇక అసలు సంగతి. ఆయన మీకు మూడు ఖర్చులు చెప్పాడు గానీ ఒక్క టెస్ట్ కూడా చేయలేదు. పరీక్ష ఫీజు విడిగా ఇచ్చి అయినా సరే, ఇంకో మనిషిని పిలిచి, వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టించండి. బటన్ నొక్కినప్పుడు బోర్డు మీద బ్లోయర్ సాకెట్ దగ్గర వోల్టేజీ వస్తోందా లేదా, మీ డబ్బు ప్రశ్నకి సగం జవాబు ఇదే. వోల్టేజీ వచ్చి మోటారు తిరగకపోతే తప్పు బ్లోయర్‌ది, బోర్డు జోలికి పోనక్కర్లేదు. వోల్టేజీ రాకపోతే బ్లోయర్ బాగానే ఉండొచ్చు, బోర్డు మీద ఫ్యూజో, బ్లోయర్‌కి కరెంటు వదిలే రిలే అనే స్విచ్చో పోయి ఉండొచ్చు, గాలి ట్యూబుతో పనిచేసే బటన్ అయితే ఆ ట్యూబు ఊడిపోయినా ఇంతే. ఫ్యూజు మారిస్తే తీరే పనికి కొత్త టబ్ ఈఎంఐ కట్టే పరిస్థితి మీకు రాకూడదు.

చెవి పెట్టి వినండి కూడా. మోటారు మామూలుగా మోగుతూ బుడగలే తక్కువగా ఉంటే పైపు ఊడిందో, రంధ్రాలు పూడుకుపోయాయో అయ్యుంటుంది. హమ్మని మూలుగుతూ తిరగకపోతే బేరింగ్ పట్టేసి ఉండొచ్చు. మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగినా మోటారు ఆగిపోతుంది, కొన్ని మోడళ్లలో బ్రష్‌లు మాత్రమే మార్చుకోవచ్చు.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మా టబ్‌కి బ్లోయర్ మార్పించిన మూడు నెలలకే కొత్తదీ పోయింది. రెండోసారి పైపు విప్పుతుంటే పక్కనే ఉన్నాను, అందులోంచి తుప్పు రంగు నీళ్లు బొటబొటా కారాయి. గాలిని లోపలికి పంపి నీళ్లని వెనక్కి రానివ్వకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ పాడైపోయింది, మొదటిసారి దాన్ని ఎవరూ చూడలేదు. ఆ చిన్న వాల్వ్ కోసం బ్లోయర్ ఖరీదు రెండుసార్లు పెట్టాను. అందుకే బ్లోయర్ మారిస్తే వాల్వ్ కూడా తప్పకుండా చూపించండి, పైపు నీటిమట్టం కంటే పైకి లేచి వంపు తిరిగి దిగుతోందో లేదో కూడా చూడమనండి. పాత బ్లోయర్ మీదున్న ప్లేట్ ఫోటో తీసి పెట్టుకోండి, వోల్టేజీ, ఆంపియర్లు, ప్లగ్ మూడూ కలవాలి. 120 వోల్టులదాన్ని 240 లైనుకి కలిపితే కొత్త బ్లోయర్ అక్కడికక్కడే కాలిపోతుంది.

డబ్బు ఎక్కడి నుంచి అంటే, ఈ నెలా వచ్చే నెలా మీ సరదా ఖర్చుల్లోంచి. సరిపోకపోతే మూడో నెల దాకా ఆగండి, ఆగితే వడ్డీ పడదు. కార్డు మీద పెట్టి మినిమం డ్యూ కట్టుకుంటూ పోతే మాత్రం మిగిలిన బాకీ మీదే కాదు, చాలా కార్డుల్లో కొత్తగా కొన్నవాటి మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది.

టబ్ నిజంగానే పాతదైతే, షెల్‌లో, అంటే టబ్ తొట్టిలో పగుళ్లు, హీటరూ పంపూ వరసగా మొరాయించడం లాంటివి ఉంటే, కొత్తదాని గురించి ఆలోచించండి, తప్పు లేదు. కానీ ఈఎంఐ మీకు మీరే ముందుగా కట్టుకోండి. నాలుగేళ్ల తర్వాత కొనాలనుకుంటే ధరని 48తో భాగించి, వచ్చిన మొత్తం ప్రతి నెలా విడి ఖాతాలో వేయండి. మధ్యలో రిపేర్లు వస్తే అందులోంచే తీసుకోవచ్చు.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే, ఆ సాకెట్ దగ్గర వోల్టేజీ చూపించి రీడింగ్ కాగితం మీద రాయించుకోవడం. అది చూశాకే ఎస్టిమేట్ అడగండి, వాల్వ్ ఖర్చు అందులో విడిగా కనబడాలి.